ఫ్లూ వైరస్ కప్పుకునే అరువు దుప్పటి

 

భోజనాల వేళ దగ్గర పడుతోంది కనుక మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను. నేను చదివింది కణజీవశాస్త్రం. చెప్పబోయేది ఫ్లూ గురించి, మా నాన్నగారి గురించి.

నాన్నగారు ఒంగోలు దగ్గర పొగాకు పండించిన రైతు. ఓ చలికాలం టొరొంటోలో మా ఇంటికొచ్చినప్పుడు, "నాకెందుకురా సూదులు?" అని ఫ్లూ టీకా వద్దన్నారు. జనవరిలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికొచ్చాక ఒకటే ప్రశ్న: "కంటికి కనపడనిది ఇంత పని ఎట్టా చేసిందిరా?"

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. ఫ్లూ వైరస్ మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దానికి సొంత దుప్పటి లేదు. మన శ్వాసనాళపు కణంలో దూరి, ఆ కణం పైపొరనే కప్పుకుని బయటికొస్తుంది. అందుకు ముందుగా తన ప్రొటీన్లను ఆ పొరలో తగిన చోటికి చేర్చుకోవాలి. పొర అంతటా ఒకే తీరుగా ఉండదు. కొలెస్టరాల్ ఎక్కువగా ఉండే చిక్కటి చోట్లుంటాయి. వాటిని లిపిడ్ తెప్పలనుకుందాం. విమానాశ్రయంలో తెలుగువాళ్లం ఒక మూల చేరినట్టు, హీమాగ్లుటినిన్, న్యూరమినిడేజ్ అనే ప్రొటీన్లు ఆ తెప్పల్లో గుమిగూడతాయి. ఎం2 అనే మూడోది తెప్ప అంచున నిలిచి, ఉబ్బిన బుడగ మొదలు తెంచడానికి సాయపడుతుంది. బయటపడ్డ వైరస్‌ను కణానికి అంటిపెట్టే చక్కెరను న్యూరమినిడేజ్ కోసేస్తుంది. టామిఫ్లూ అడ్డుకునేది ఈ కోతనే. ఇదంతా కణానికి గాలి తగిలే వైపునే జరుగుతుంది. దగ్గుతో పక్కవారిని చేరడానికి అదే అనువు.

నాన్నగారిని ఆశ్చర్యపరిచింది మరొకటి. క్విబెక్ నగరంలోని మెడికాగో సంస్థ, పొగాకు జాతికే చెందిన ఒక ఆస్ట్రేలియా మొక్క ఆకుల చేత హీమాగ్లుటినిన్ తయారు చేయించింది. ఆ ఒక్క ప్రొటీనే ఆకు కణాల పొరలో చేరి, వైరస్ జన్యువులు లేని ఖాళీ బుడగలను పుట్టించింది. మొక్కల్లో ఆ చక్కెర లేదు కనుక న్యూరమినిడేజ్ అవసరమే రాలేదు. ఆ బుడగలతో చేసిన ఫ్లూ టీకా వేలమందిపై పరీక్షల దాకా వెళ్లింది. తర్వాత కోవిడ్ స్పైక్ ప్రొటీనుకు, పొరలో దిగే తోక తీసేసి హీమాగ్లుటినిన్ తోక అతికించారు. బుడగలు బాగా వచ్చాయి. ఆ టీకాకు 2022 ఫిబ్రవరిలో కెనడా అనుమతిచ్చింది. కానీ సంస్థలో ఒక సిగరెట్ కంపెనీకి వాటా ఉండటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదానికి తీసుకోలేదు. 2023లో యజమాని మిత్సుబిషి కెమికల్ మెడికాగోను మూసివేస్తున్నట్టు ప్రకటించింది.

"మన పంటకంటిన మసి అక్కడా వదల్లేదన్నమాట," అన్నారు నాన్నగారు. బ్యారన్ పొగలో నలభయ్యేళ్లు గడిపిన మనిషి. కాసేపాగి, "ఆ సూది ఎక్కడేస్తార్రా?" అని అడిగారు.

మీ ఇంటికి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, చలి ముదరకముందే టీకా వేయించండి. అడిగితే వద్దంటారు. కూర్చోబెట్టి, ఎందుకో చెప్పండి. వింటారు.

సెలవు.