ఢిల్లీ జాతీయ మ్యూజియానికి ఒక పూట

ఢిల్లీ వెళ్లినవాళ్లు ఎర్రకోట, కుతుబ్ మీనార్ చూసి తిరుగు రైలెక్కేస్తుంటారు. ఈసారి జనపథ్‌లోని జాతీయ మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. 1949 ఆగస్టు 15న నేటి రాష్ట్రపతి భవన్‌లో మొదలైన ఈ మ్యూజియం 1960లో ఇప్పటి భవనానికి మారింది.

దీని సేకరణలో రెండు లక్షలకు పైగా వస్తువులున్నాయి. అన్నీ చూడాలనుకుంటే కాళ్ల నొప్పులే మిగులుతాయి. రెండు మూడు గ్యాలరీలు ఎంచుకోండి. ముందుగా హరప్పా గ్యాలరీకి వెళ్లండి. మొహెంజొదారోలో 1926లో దొరికిన కంచు నర్తకి అక్కడుంది. ఎత్తు 11 సెంటీమీటర్లు కూడా లేదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోశారు. నాలుగు వేల ఏళ్ల కిందటే మనవాళ్లకు ఆ విద్య తెలుసు!

తర్వాత పిప్రాహ్వాలో లభించిన బుద్ధుని ధాతువులను దర్శించండి. ఇక్ష్వాకుల కాలం నాటి నాగార్జునకొండ శిల్పాలను వెతికి చూడండి. కృష్ణాతీరపు శిల్పుల పనితనం రాజధానిలో కనబడితే ఏ తెలుగువాడి మనసైనా పొంగుతుంది.

సోమవారం సెలవు. సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్ దగ్గరలోనే ఉంది. బయల్దేరే ముందు వేళలు, తెరిచి ఉన్న గ్యాలరీలు కనుక్కోండి. పెద్ద సంచులు బసలోనే వదలండి. పిల్లలను తప్పక తీసుకెళ్లండి. పాఠంలో చదివిన చరిత్రను వాళ్లు కళ్లారా చూడాలి.