ఒక్క మనిషి, ఒక్క గిటారు
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నయాగరా జలపాతం గురించి, స్వేచ్ఛా విగ్రహం గురించి మన నర్సీపట్నం సభ్యులు ఇదివరకే చాలామంది చెప్పారు. అందుచేత 2018లో న్యూయార్కులో మా అబ్బాయి నాకు చూపించిన ఒక పాట కచేరీ గురించి మాత్రం నాలుగు మాటలు మనవి చేస్తాను.

పాడినాయన పేరు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. రాక్ సంగీతంలో పేరుమోసిన గాయకుడు. 1949లో న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టారు. అంటే మనలో చాలామంది ఈడువారే. మామూలుగా ఆయన కచేరీ అంటే స్టేడియం, వేలాది జనం, పెద్ద వాద్యబృందం, చెవులు దిమ్మెక్కే మోత. అటువంటాయన 2017 అక్టోబరు నుండి 2018 డిసెంబరు వరకు వెయ్యి సీట్లయినా లేని వాల్టర్ కెర్ థియేటరులో 236 ప్రదర్శనలు ఇచ్చారు. ఒక గిటారు, ఒక పియానో, నోటితో ఊదే హార్మోనికా, అంతే సరంజామా. ఆయన భార్య ప్యాటీ వచ్చి రెండు పాటల్లో గొంతు కలిపారు. మిగిలిన రెండు గంటలూ ఆయనొక్కరే. టిక్కెట్టు 850 డాలర్ల దాకా ఉండేది. మా అబ్బాయికి లాటరీలో 75 డాలర్లవి రెండు తగిలాయి గాని, లేకుంటే అది మన పెన్షనుకు అందే వ్యవహారం కాదు.

ఒక్క మనిషి సభనంతా కట్టిపడేయడం మనకు కొత్త కాదు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు (1864-1945) కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి హరికథ చెప్పింది మైకులు లేని రోజుల్లోనే. మన వంగపండు ప్రసాదరావు గారు (1943-2020) కాలిగజ్జెలతో, ఉత్తరాంధ్ర పలుకుతో జనాన్ని ఊపేశారు. నాకా రోజు వారే గుర్తుకొచ్చారు. ఆయన కూడా నడుమ నడుమ మైకు వదిలి పక్కకు జరిగి ఉత్త గొంతుతోనే మాట్లాడారు. కథ, పాట, మళ్లీ కథ. ఆ యాస నాకు సగమే అందింది. మిగతాది తర్వాత మా అబ్బాయి విడమరిచి చెప్పాడు.

ఆయన చెప్పినవన్నీ ఇంటి సంగతులే. తండ్రి తివాచీల మిల్లులోనూ, కార్ల కర్మాగారంలోనూ పనిచేసినవాడు, మాట పెగలని మనిషి. బారులో కూర్చున్న తండ్రిని ఇంటికి పిలుచుకురమ్మని తల్లి పంపితే వెళ్లిన పసివాడు ఈయన. ఎన్నో ఏళ్లకు, ఈయనకు తొలి బిడ్డ పుట్టబోయే రోజుల్లో, ఆ తండ్రి చాలా దూరం కారు నడుపుకుని వచ్చి, నిన్ను నేను సరిగా చూసుకోలేదని తన నోటితో చెప్పారట. అది చెబుతుంటే హాలులో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

తల్లి అడెల్ గారు లాయరు ఆఫీసులో సెక్రటరీ. పని ముగించుకుని వచ్చే అమ్మ పక్కన నడుస్తుంటే, ఆమె నడకలోని ఠీవి చూసి పిల్లవాడు మురిసిపోయేవాడట. మేం చూసేనాటికి ఆమె మతిమరుపు వ్యాధితో ఉన్నారు. 2024లో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గుమాస్తాగిరీ చేసినవారికి కూడా పాటలో చోటుంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

మరో మాట. తాను నికరమైన ఉద్యోగం ఎన్నడూ చేయలేదనీ, ఫ్యాక్టరీ గుమ్మం తొక్కకుండానే ఫ్యాక్టరీ మనుషుల గురించి రాశాననీ, వారానికి ఐదు రోజులు పని ఇదే మొదలనీ ఆయన తన మీద తానే చమత్కరించుకున్నారు. అందరూ నవ్వారు. 33 ఏళ్లు రెవెన్యూ కార్యాలయాల్లో ఆదివారం కూడా ఎరగని నేను మరీ నవ్వాను. ఆ వెంటనే, వియత్నాం యుద్ధానికి తాను వెళ్లకుండా తప్పించుకున్నాననీ, తన బదులు ఎవరు వెళ్లారో అని ఇప్పటికీ అనుకుంటాననీ చెప్పారు. 1984 నాటి ఆయన పాటను జయగీతమనుకుని చాలామంది గంతులు వేసేవారట. అది నిజానికి యుద్ధం నుండి తిరిగొచ్చి పని దొరకని సిపాయి గోడు. మోత తీసేసి ఒంటిగా పాడితే అది గోడని నాకే తెలిసింది.

తిరుగు రైల్లో మా అబ్బాయి, "నాన్నా, మీరు చింతపల్లి ఏజెన్సీలో పనిచేసినప్పుడు ఎక్కడ భోంచేసేవారు?" అని అడిగాడు. నలభై దాటిన కొడుకు నన్ను అడిగిన ప్రశ్న అది. క్యాంపుల సంగతి, వాగు పొంగితే ఆగిపోయిన సంగతి, ఒక మేస్టారింట్లో తిన్న రాగి సంకటి సంగతి చెబుతుండగానే స్టేషను వచ్చేసింది. ఇంటికెళ్లాక కూడా రాత్రి ఒంటిగంట దాకా చెప్పించుకున్నాడు.

సోదరులారా, మన సర్వీసు రిజిస్టర్లలో నియామకం తేదీ, ఇంక్రిమెంట్లు, పదవీ విరమణ తేదీ ఉంటాయి. మనం ఎలా బతికామో వాటిలో ఉండదు. అది మన పిల్లలకూ తెలియదు, మనతోనే పోతుంది. కనుక నాదొక ప్రతిపాదన. నెలవారీ సమావేశంలో డి.ఎ. బకాయిల చర్చ అయ్యాక ఒక్కో సభ్యునికి పది నిమిషాలు ఇద్దాం. మైకు వద్దు, దండలు వద్దు. పక్కన మనవడో మనవరాలో కూర్చుని వినాలి. పాట వచ్చినవారు పాడవచ్చు, రానివారు చెప్పవచ్చు. అధ్యక్షుల వారు అనుమతిస్తే వచ్చే నెల మొదటి పేరు నాదే రాయండి.