ఆ తల్లి మీటింగుకి ఎందుకు రాలేదంటే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత అని లెక్కలన్నీ ఇప్పుడే విన్నాం. మా సంఘం తరఫున మేము హాజరు పట్టీలో కనబడని వాళ్ళ గురించి చెప్దామని వచ్చాం.

మన పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. రాకపోతే ఫైను అని చాలా సంఘాల్లో రాసుకున్నాం. కానీ ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు తల్లులుంటారు. పొదుపు డబ్బులు పక్కింటావిడ చేత పంపిస్తారు, మనిషి మాత్రం రారు. అడిగితే "నానొస్తే గుంటడ్ని ఎవలు సూస్తారప్పా?" అంటారు. గుంటడంటే ఏ మూడేళ్ళవాడో అనుకుంటాం. పందొమ్మిదేళ్ళు, మీసాలొచ్చాయి. అన్నం కలిపి పెట్టాలి. వాకిట్లోకి వదిలితే రోడ్డెక్కేస్తాడు. భర్త హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టుబడి పనిలో ఉంటాడు. శ్రీకాకుళం, విజయనగరం వలసల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇక ఆ ఇంట్లో రాత్రీ పగలూ కాపలా ఒక్క ఆడమనిషే. ఉపాధి పనికి పోలేదు, పుట్టింట్లో పెళ్ళయినా పోలేదు.

2000లో వెలుగు మొదటి విడత ఆరు జిల్లాల్లో మొదలైతే అందులో మన రెండు జిల్లాలూ ఉన్నాయి. వికలాంగులకి వేరే సంఘాలు కట్టింది కూడా ఆ వెలుగులోనే. కాలు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు సంఘంలో కూచుని తమ మాట తామే చెప్పుకున్నారు. ఈ పిల్లల మాట చాలావరకు తల్లి నోటితోనే రావాలి. ఆ తల్లే రాలేకపోతే ఇంక ఎవరు చెప్తారు? అందుకని మా సంఘంలో నెలకి ఒక మీటింగు ఆమె ఇంటి అరుగు మీదే పెట్టుకుంటున్నాం. మొదట్లో ఆ అబ్బాయి అరిచేవాడు. ఇప్పుడు చాప వాడే పరుస్తాడు. పరిచాక ఎవర్ని ఎక్కడ కూచోబెట్టాలో కూడా వాడే చెప్తాడు, మా లీడర్ని కూడా లేపేస్తాడు!

మాట గురించి ఒక మాట. పిచ్చోడు, వెర్రిది, మాలోకం అని పిలుస్తారు మన ఊళ్ళల్లో. వాళ్ళకి పేర్లున్నాయి. ఇంకోటి, మతి చలించడం వేరు, ఇది వేరు. అది జబ్బు, ఏ వయసులోనైనా రావచ్చు, మందులుంటాయి. ఇది చిన్నప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండటం. దీన్ని మాన్పే మాత్ర లేదు. మాన్పుతామని తాయెత్తులకీ నాటుమందులకీ వేలు లాగేవాళ్ళని నమ్మకండి. ఫిట్సు కూడా ఉంటే ఆ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూటైనా ఆపకూడదు.

గ్రహణం నాడు బయట తిరిగిందని తల్లినే ఆడిపోసుకుంటారు. పుట్టినప్పుడు బిడ్డ ఏడవక ఊపిరి అందకపోవడం, మెదడుకి జ్వరం సోకడం, పుట్టుకతోనే కణాల్లో తేడా, దగ్గరి మేనరికం, ఇలా కారణాలు చాలా. కొందరికి ఏ కారణమో డాక్టర్లకీ తెలియదు. ఏడాదిన్నర దాటినా నడవకపోతే, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని కూచోకుండా అంగన్‌వాడీ టీచరుకో ఆశాకో చెప్పండి. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత నేరుస్తారు.

నేర్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఓపిక కావాలి. చొక్కా అంతా మనమే వేసి, ఆఖరి గుండీ ఒక్కటీ వాడి చేత పెట్టించాలి. అది వచ్చాక ఆఖరి రెండు. వెనకనుంచి ముందుకి వస్తే ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు, ఆ సంతోషం వాడికుంటుంది. మా ఊళ్ళో ఇరవైనాలుగేళ్ళ అబ్బాయి ఉన్నాడు, లెక్క రాదు. మా సభ్యురాలి టిఫిను బండి దగ్గర ఇడ్లీలు వడ్డిస్తాడు. గుంటకొక ఇడ్లీ పెట్టేలా నాలుగు గుంటల ప్లేటు తెచ్చింది ఆవిడ. ఇంక లెక్కతో పనేముంది? సాయంత్రానికి వాడి కూలి వాడి చేతిలో పెడుతుంది.

భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకి నేర్పే టీచర్లు ఉంటారు. 2016 చట్టం ప్రకారం ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. బడికి పోలేని పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పే ఏర్పాటూ ఉంది. మనం అడగాలి.

ఇప్పుడు చెప్పబోయేది మగవాళ్ళ ముందు చెప్పలేం, ఇక్కడ అందరం ఆడవాళ్ళమే కాబట్టి చెప్తున్నాం. ఆడపిల్ల అయితే తల్లికి గుండెల మీద కుంపటే. నెలసరి వస్తే శుభ్రం చేసుకోలేదని, ఎవడైనా ఏమైనా చేస్తాడేమోనని, "గర్భసంచి తీయించీయండి, గొడవొదిలిపోద్ది" అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. ఆ పిల్ల తెలిసి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను చేయకూడదని అదే చట్టం చెప్తోంది. సంచి తీసేసినంత మాత్రాన పాడు చేసేవాడి చెయ్యి ఆగదు. కడుపు రాదు కాబట్టి బయటపడదని వాడికి ఇంకా ధైర్యం. గుడ్డ మార్చుకోవడం కూడా గుండీ నేర్పినట్టే నేర్పవచ్చు. ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో బొమ్మతో చూపించి నేర్పండి. అనుమానం వస్తే ఆ పిల్ల మాట కొట్టిపారేయకుండా 181కి ఫోన్ చేయండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలైతే 1098. పెళ్ళి చేస్తే బాగైపోతుందన్న మాట కూడా వద్దు. చెప్పకుండా చేసిన పెళ్ళి ఎన్నాళ్ళు నిలిచిందో మీ మీ ఊళ్ళల్లో మీరే చూసుంటారు.

కాగితాల సంగతి. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకుంటే డాక్టర్ల క్యాంపులో సర్టిఫికెట్టు ఇస్తారు. నలభై శాతం ఉండాలి. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. ఒక క్యాంపులో మా సభ్యురాలి కొడుకు జనాన్ని చూసి బెదిరి నోరు విప్పలేదు, మళ్ళీ రమ్మని పంపేశారు. రెండోసారి మేము ఇద్దరం తోడెళ్ళాం. వాడికి అలవాటైన గిన్నెలో చోడంబలి పట్టుకెళ్ళాం, బడి టీచరు చేత వాడికి ఏం వచ్చో ఏం రాదో రాయించుకెళ్ళాం. పని జరిగింది. 2025లో పింఛన్లకి మళ్ళీ పరీక్షలు పెట్టారు కదా, పాత కాగితాలు ఏవీ పారేయకండి.

పద్దెనిమిది నిండితే కన్నతల్లి సంతకం కూడా చెల్లని చోట్లుంటాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి కమిటీకి అర్జీ పెడితే సంరక్షకులుగా కాగితం ఇస్తారు. అదే ట్రస్టు వాళ్ళ నిరామయ బీమాలో ఏడాదికి లక్ష వరకు వైద్యానికి వస్తుంది. ఈ రెండూ తెలిసినవాళ్ళు ఇందాక చేతులెత్తమంటే ఈ హాల్లో ముగ్గురు ఎత్తారు.

"నా తర్వాత వీడికెవరు?" అని ప్రతి తల్లీ అడుగుతుంది. అన్నదమ్ముల్నీ వదినల్నీ మాటలతో కట్టేయలేం. తల్లి బతికుండగానే వాడు ఇంకో ఇంట్లో అన్నం తినడం, ఇంకో మనిషి మాట వినడం అలవాటు కావాలి. అందుకే మా సంఘంలో వంతులు వేసుకున్నాం. గురువారం మధ్యాహ్నం మూడు గంటలు ఒకరింట్లో ఉంటాడు. ఆ మూడు గంటల్లో వాళ్ళమ్మ సంతకి వెళ్తుంది, ఒక్కోసారి పడుకుంటుంది.

సభ ముందు మేము పెట్టే కోరికలు రెండే. ప్రతి వీఓఏ తమ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళ పేర్లు వచ్చే నెల మీటింగుకి రాసి తేవాలి. నడవలేని పిల్లల్ని క్యాంపుకి తీసుకెళ్ళే ఆటో ఖర్చు గ్రామ సంఘం పెట్టుకోవాలా, మండల సమాఖ్య పెట్టుకోవాలా అన్నది భోజనాలకి లేచే ముందే తీర్మానం రాయాలి. పుస్తకం బుక్ కీపరు దగ్గరే ఉంది.