కర్కాటకరాశియం దొక గ్రహము



కర్కాటకరాశిలో, మనకు సుమారు 41 కాంతిసంవత్సరముల దూరమున, సూర్యునికంటె కించిత్తు చిన్నదియు చల్లనిదియునగు 55 కాంక్రి యను నక్షత్రము కలదు. దానిని 18 గంటలలోపుననే చుట్టివచ్చు నొక గ్రహమును 2004లో కనుగొనిరి. ఆ గ్రహబింబమును విడిగా చూచినవారు నేటికిని లేరు; అయినను దాని తూకమును, పరిమాణమును నిర్ణయించిన విధమును మీ ముందుంచుట నా కభిమతము.

గ్రహము తిరుగుచుండగా నక్షత్రమును స్వల్పముగా నూగును. ఆ యూగిసలాటచే వర్ణపటరేఖలు జరుగుటను కొలిచి, గ్రహద్రవ్యరాశి భూమికి సుమారెనిమిదింతలని తేల్చిరి. 2011లో అది నక్షత్రబింబము మీదుగా దాటుట రోదసిలోని స్పిట్జర్, మోస్ట్ దూరదర్శినులకు చిక్కినది. అప్పుడు తరుగు కాంతి రమారమి 3,000వ వంతు. ఆ తరుగుదలనుండి మనకు లభించునది గ్రహవ్యాసమునకును నక్షత్రవ్యాసమునకును గల నిష్పత్తి మాత్రమే. కావున నక్షత్రపు కొలత యెంత నికరమో గ్రహపు కొలతయు నంతియే నికరము. వ్యాసార్ధమున నూటికి 5 పాళ్లు తేడా వచ్చినచో ఘనపరిమాణమున నది దాదాపు 15 పాళ్లగును, సాంద్రతయు నా మేరకే చెదరును. అందుచేతనే, అమెరికాలోని మౌంట్ విల్సన్ శిఖరముపై దూరదూరముగా నెలకొల్పిన దర్శినుల కాంతిని సంధించి, నక్షత్రబింబమునే సూటిగా కొలిచిరి. అది సూర్యవ్యాసమున 0.94 వంతు. గ్రహ వ్యాసార్ధము భూమికి దాదాపు 1.9 రెట్లని దానివలన స్థిరపడినది. మూలమునే కొలువబూనిన ఆ నిష్ఠయందు నాకు అపారమైన గౌరవము.

ఇక గర్భమున నేమున్నది? ఇనుపగర్భమును శిలాకవచమును గల భూమివంటిదే యెనిమిదింతల బరువైనచో, తన భారమున తానే నొక్కుకొని, ఇంతకంటె కొంత చిన్నదై యుండవలెను. ఈ తేలికదనమునకు హేతువును వెదకుచు, ఆ నక్షత్రమున ఆమ్లజనికంటె కర్బనమే అధికమని యప్పటి కొలతలు చెప్పుటను ఆధారముగా గొని, గ్రహగర్భమున కర్బనము వజ్రరూపమున నుండ వీలున్నదని నిక్కు మధుసూదన్ ప్రభృతులు 2012లో ప్రతిపాదించిరి. లోకము వజ్రగ్రహమని మురిసినది. మరుసటియేట ఆ నక్షత్రమును మరల పరిశీలించిన వారికి కర్బనమే తక్కువగా కానవచ్చి, ఆ యూహకు బలము సన్నగిల్లినది.

2024లో వెబ్ దూరదర్శిని తెచ్చిన పరారుణ కొలతలు, ఆ గ్రహముపై కర్బన వాయువులతో గూడిన వాతావరణ ముండవచ్చునని సూచించినవి. కరగిన శిలాసముద్రమే ఆ వాయువుల నెడతెగక వెలువరించుచున్నదేమో యని నేడు విచారించుచున్నారు. మీలో భౌతిక, రసాయన, గణితశాస్త్రముల నభ్యసించినవారికి ఆ విచారణలో చోటు గలదు.