మీ హీరోకి ఎన్నెకరాలు?

  

కృష్ణానగర్‌లో అసిస్టెంట్ రైటర్‌గా మొదలై, ఈ ఫిల్మ్‌నగర్ స్టోరీ సిట్టింగుల్లోనే నా వయసంతా గడిచింది. కథ చెప్పడానికి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ ఒకటే అడుగుతాను: మీ హీరోకి ఎన్నెకరాలు? ఆ పొలం ఎవరు దున్నుతారు? చాలామంది తెల్లమొహం వేస్తారు. హీరో తాతకి పెద్ద మేడ ఉంటుంది, ఊరంతా దండాలు పెడుతుంది. ఆ మేడ ఎవరి రెక్కల కష్టమో చెప్పే సీను ఒక్కటీ ఉండదు. నా బెంగంతా అదే.

మొన్న, ఇవాళ పట్టాలందుకున్న మీలో ఒకబ్బాయి రాబెర్ ద లా రోష్‌ఫుకో కథ తెచ్చాడు. ఫ్రెంచి ప్రభువంశంలో 1923లో పుట్టినవాడు. నాజీలు దేశాన్ని ఆక్రమిస్తే ఇంగ్లండు చేరి, రహస్య యుద్ధంలో శిక్షణ పొంది, పారాచూట్‌తో తిరిగి సొంతగడ్డ మీద దిగాడు. బాగుంది నాయనా, రాయి. మరి బొల్లేపల్లి ఎక్కడుంది? చెప్పలేకపోయాడు. భువనగిరి దగ్గరే ఉంది తండ్రీ, పొద్దున బయల్దేరితే చూసి రావచ్చు!

ఆ ఊళ్లో భూస్వామి ఇంట 1908లో పుట్టారు రావి నారాయణరెడ్డి. ఉప్పు సత్యాగ్రహమని కాకినాడ వెళ్లారు. నిజాం పాలనలోని తెలుగువాళ్ల ఆంధ్రమహాసభకు 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో అధ్యక్షత వహించారు. పల్లెజనం దాన్ని ‘సంగం’ అన్నారు. సంగం అండతోనే వెట్టి చెయ్యబోమని దొరలకు ఎదురు చెప్పారు. 1946 జులై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న తోటి నాయకులు బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి నారాయణరెడ్డి నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. ఆ ఫ్రెంచి యువకుడు తలపడింది పరాయి సైన్యంతో. ఈయన నిజాంనే కాదు, తన బంతిలో కూర్చుని భోంచేసే దొరల్నీ ఎదిరించారు. సొంత భూమి పంచిపెట్టారు. 1952లో నల్గొండ ప్రజలు ఆయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లేసి లోక్‌సభకు పంపారు.

ఈ కథ ఒక నిర్మాతకు చెప్పాను. ‘పోయిన ఆస్తి తిరిగి గెలిచేవాడు హీరోగానీ, ఉన్నది పంచేవాడు హీరో ఏంటండీ’ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. బి. నరసింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకుడిగా ఆ పోరాటం మీదే ‘మా భూమి’ సినిమా తీస్తే జనం విరగబడి చూశారు. జనం చూడరని నాతో అనకండి, కోపమొస్తుంది.

ఫోన్లు జేబులో పెట్టి, ‘వీర తెలంగాణ’ చదవండి. నారాయణరెడ్డి స్వయంగా రాసిన అనుభవాలవి. తర్వాత ఊళ్లకు వెళ్లి, రచ్చబండ దగ్గరి ముసలివాళ్లని అడగండి: మీ నాయన ఏ దొర గడిలో వెట్టి చేశాడు, ఏ ఏడు మానేశాడు, ఎవరిని చూసి ధైర్యం వచ్చింది? రాసుకున్నదంతా పట్టుకుని నా దగ్గరికి రండి. కూర్చుని సీన్లు రాద్దాం.