వంటయింటి పని - ఫోనులోని వార్త



నగరములలో నివసించు మన పిల్లలు నేడు భోజనశాలలకు పోకయే, చేతిలోని ఫోనుద్వారా భోజనమును ఇంటికి తెప్పించుకొనుచున్నారు. డబ్బు చెల్లించిన పిమ్మట ఆ ఫోనులోనే "అంగీకరించితిమి, సిద్ధమగుచున్నది, బయలుదేరినది" అను వార్తలు వరుసగా కానవచ్చును. ఎక్కడనో వంటయింటిలో జరుగు పని ఇంటనున్న వారికెట్లు తెలియుచున్నది? దాని నెంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నేను నేడు మనవి చేయదలచితిని.

అమెరికాలో డామినోస్ అను సంస్థ 2008వ సంవత్సరమున ఈ పద్ధతిని ప్రవేశపెట్టి ప్రసిద్ధికి తెచ్చినది. వారు కాల్చునది పిజ్జా యను రొట్టె. వారి పొయ్యిలో ఇనుప పట్టీ యొకటి మెల్లగా కదలుచుండును. ఈ కొన నుంచిన రొట్టె నియమిత కాలములో కాలి ఆ కొనకు వచ్చును. కాలము మారదు గనుక వార్త చెప్పుట సులభము. మన దేశమున 2014లో బెంగుళూరునందు స్విగ్గీ సంస్థ వెలసినది. దాని స్థాపకులలో నొకరగు శ్రీహర్ష మాజేటిగారు విజయవాడవారు.

మన వంటలు పిజ్జా వంటివి కావు. దోసెను కోరిన తరువాతనే పోయుదురు. హైదరాబాదు బిరియాని సంగతి వేరు. డేగిసాలో మసాలా పట్టించిన మాంసమును, సగముడికిన బియ్యమును పేర్చి, మూతచుట్టు పిండి మెత్తి, సన్నని సెగపై మగ్గనిత్తురు. మూత తీసిన డేగిసా యున్నచో పొట్లము కట్టుట క్షణములలో పని. తీయనిచో ఎంత తొందరించినను ప్రయోజనము లేదు. ఫోనులో మాత్రము రెంటికిని "సిద్ధమగుచున్నది" యను నొకటే మాట!

ఇక వార్త నడచు దారి. కోరిక రాగానే భోజనశాలలోని యంత్రము మ్రోగును. గుమాస్తా అంగీకారపు మీట నొక్కును. చీటీ వంటవాని కడకు పోవును. వండినదానిని వేరొకడు చీటీతో సరిచూచి పొట్లము కట్టును. అప్పుడు "సిద్ధము" అను మీట నొక్కవలెను. చేరవేయు కుర్రవాడు పొట్లము నందుకొని తన ఫోనులో తెలుపును. అటుపిమ్మట ఉపగ్రహముల సంకేతములనుబట్టి ఆ ఫోను తానున్న చోటును తెలుపుచుండును. ఎవరైన మీట నొక్కనిచో, సంస్థవారి యంత్రము పూర్వపు లెక్కలనుబట్టి ఊహించును. కావున దారిలో కదలు బండి చాలవరకు నిజము. వంటయింటి వార్త కొంత నిజము, కొంత అంచనా.

అసలు చిక్కు "సిద్ధము" మీటలోనే యున్నది. వంట కాకముందే నొక్కినచో, కుర్రవాడు ముందుగా వచ్చి వీధిలో నిలువవలెను. వాని కూలి ప్రధానముగా చేరవేసిన పొట్లములనుబట్టియే గాని, నిలిచిన గడియలనుబట్టి కాదు. ఆలస్యముగా నొక్కినచో అన్నము చల్లారును. ఎట్లైనను నింద తలుపు తట్టినవాని మీదనే పడును. వంటయిల్లు ఎవరికిని కనబడదు గదా!

అన్నము వార్చినారన్న కబురు రాకముందే విస్తళ్ళు వేయించు పెద్దమనిషి మన పెండ్లిండ్లలో నుండడు. బంతిని కూర్చుండబెట్టి కాచియుంచుట అతిథికి అవమానమని మన మెరుగుదుము. యంత్రము వచ్చినను మర్యాద మారలేదు. భోజనశాలలు నడుపు మన యువకులకు ఈ మాట మీరు చెప్పవలెను: పొట్లము కట్టిన పిదపనే మీట నొక్కుడని. మీరు పట్టణమునకు పోయినప్పుడు, ఆలస్యమై వచ్చిన కుర్రవానికి ముందు మంచినీళ్ళిచ్చి, పిమ్మట కారణ మడుగుడు.