విదేశాలకు మందులు తీసుకెళ్లేటప్పుడు

డాక్టరు చీటీ మీద వాడే మందులకు ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంది. ముండ్లమూరు, దర్శి, కనిగిరి వైపు నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే తెలియాలి.

ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్ల నొప్పులు పడే పశ్చిమ ప్రకాశంలో నొప్పి బిళ్లల వాడకం మామూలే. అయితే నొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నియంత్రిత మందులు. వాటిని వెంట తీసుకెళ్లాలంటే ఆ దేశ ప్రభుత్వ అనుమతిని ఆన్‌లైన్‌లో ముందే పొందాలి. అనుమతి లేకుండా దొరికితే కేసు కావచ్చు. మన దేశంలోనూ ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది.

బీపీ, షుగరు మందులకు సాధారణంగా ఇంత కట్టడి ఉండదు. అయినా ఇంగ్లిషులో రాసిన చీటీ దగ్గరుండాలి. అందులో పాస్‌పోర్టులో ఉన్నట్టే రోగి పేరు, మందు జెనరిక్ పేరు, మోతాదు ఉండాలి. బ్రాండు పేర్లు దేశం దాటితే మారిపోతాయి.

బిళ్లలను స్ట్రిప్పుల్లోనే ఉంచి, బిల్లుతో సహా చేతి సంచిలో పెట్టుకోవాలి. ఇన్సులిన్‌ను విమానం అడుగు భాగంలోకి వెళ్లే పెట్టెలో పెడితే గడ్డకట్టి చెడిపోవచ్చు.

అమెరికాకు సాధారణంగా 90 రోజులకు మించి మందులు తీసుకెళ్లకూడదు. అక్కడి మందుల షాపులో ఇక్కడి చీటీ చెల్లదు. అందుకే మందులు అయిపోకముందే పాత చీటీ చూపించి, అక్కడి డాక్టరుతో కొత్తది రాయించుకోవాలి.